పొగ తగ్గింది సరే, అడవి మాటేమిటి?

తిరుపతిలో మా మేడ మీద నిలబడితే రాత్రిపూట ఘాట్ రోడ్డు లైట్లు కనిపిస్తాయి. బస్సులూ జీపులూ ఒకదాని వెనక ఒకటి దిగుతుంటే ఆ లైట్లు మలుపు దగ్గర మాయమై, మళ్లీ కింద ఎక్కడో తేలుతుంటాయి. కరోనా వల్ల 2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశాక ఆ లైట్లు లేవు. జూన్ రెండో వారం దాకా, దాదాపు 80 రోజులు, కొండ నల్లగా పడుకుని ఉంది. పగలు మాత్రం శేషాచలం ఎన్నడూ లేనంత తేటగా, రాళ్లు లెక్కపెట్టుకునేలా కనిపించేది. అలిపిరి దగ్గర జింకలు, ఘాట్‌లో ఎలుగుబంటి అంటూ రోజుకో వీడియో ఫోన్లోకి వచ్చేది. ప్రకృతి ఊపిరి పీల్చుకుంటోందని వాటి కింద రాసేవాళ్లు.

మా వీధి చివర ఒకాయన కొండకి ట్యాక్సీ జీపు తోలుతాడు. ఆ వీడియోలు ఆయనకీ వచ్చేవి. ఒకరోజు పొద్దున్నే పాల ప్యాకెట్ల దగ్గర నిలబడి చూపించి, "జింకలు బాగుండాయి సామీ. అట్లే వచ్చి మా జీపు అప్పు కంతు కూడా మేసిపోతే ఇంకా బాగుండు" అన్నాడు. అప్పటికి ఆయన జీపు కదిలి నెలన్నర.

ఆర్థిక వ్యవస్థ పడిపోతే పర్యావరణానికి మంచిదని ఒక నమ్మకం ఉంది. మనుషులు తగ్గితే పొగ తగ్గుతుంది, పొగ తగ్గితే భూమి బాగుపడుతుంది అన్న లెక్క అది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ గత వందేళ్లలో వచ్చిన మాంద్యాలను వరసగా పెట్టి చూస్తే, పడిపోయినవన్నీ ఒకేలా తిరిగి లేవవు. పొగలాంటివి ఏడాది తిరక్కుండా లేస్తాయి. అడవి, చదువు, తాకట్టులో ఉన్న గొలుసు లాంటివి లేవవు. మనం సంబరపడేదేమో మొదటి రకం చూసి.

ముందు ఒక మాట. కరోనా నాటి మూత, అదే లాక్‌డౌన్, మామూలు మాంద్యం కాదు. మాంద్యంలో గిరాకీ మెల్లగా తగ్గుతుంది, ఆర్డర్లు రావు, ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు తీసేస్తారు, ఆ జీతం రాని ఇంట్లో కొనుగోళ్లు తగ్గుతాయి. అలా ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి కుంగుతుంది. వరసగా రెండు త్రైమాసికాలు దేశ ఉత్పత్తి తగ్గితే మాంద్యం అని వాడుకలో లెక్క. 2020లో అంతా ఒక్కరోజులో ఆపేశారు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య మన దేశ ఉత్పత్తి అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు నాలుగో వంతు కుంగింది. ఒక్కసారిగా అంత గట్టి దెబ్బ ఏ మాంద్యమూ కొట్టలేదు. అందుకే అది మంచి పరీక్ష కూడా. మూత వేస్తే పొగ ఎంత తగ్గుతుందో చూడాలంటే ఇంతకంటే పెద్ద ప్రయోగం దొరకదు.

ఫలితం ఇదీ. 2020లో ప్రపంచవ్యాప్తంగా బొగ్గు, చమురు, గ్యాస్ మండించడం వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడ్ 5 శాతానికి పైగా తగ్గింది. సుమారు 200 కోట్ల టన్నులు. ఒక్క ఏడాదిలో అంత తగ్గడం అంతకుముందు ఎప్పుడూ లేదు. 2021లో అది మళ్లీ 6 శాతం పెరిగి 3,630 కోట్ల టన్నులకు చేరింది. అప్పటిదాకా ఉన్న రికార్డు పోయింది. 2008 సంక్షోభంలోనూ ఇదే కథ. అమెరికాలో ఇళ్ల అప్పులు మునిగి 2008 సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసింది, 2009లో ఉద్గారాలు, అంటే గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్, 1.4 శాతం తగ్గాయి, 2010లో 5.9 శాతం ఎగిరాయి. తగ్గినదానికి నాలుగింతలు పైనే ఒక్క ఏడాదిలో వచ్చి పడింది.

ఉద్గారాల దిగుదలను ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2019లో చెప్పిన లెక్కతో కలిపి చూడండి. భూతాపం 1.5 డిగ్రీలు దాటకూడదంటే 2020 నుంచి 2030 దాకా ఉద్గారాలు ఏటా 7.6 శాతం తగ్గాలి. విమానాలు ఆగి, రైళ్లు ఆగి, గుడి తలుపులు కూడా మూసుకున్న ఏడాదిలోనే అంత తగ్గలేదు. అంటే మనుషులు ఇంట్లో కూర్చున్నా కరెంటు బొగ్గుతోనే వస్తోంది, సిమెంటు అలాగే తయారవుతోంది, ఓడలు సరుకు మోస్తూనే ఉన్నాయి.

ఇంకో చిక్కుంది. మన తలల మీద గాలిలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ 2020లో తగ్గలేదు. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958 నుంచి దాన్ని కొలుస్తున్నారు. 2020 మే నెలలో అక్కడ పది లక్షల్లో 417 భాగాలు నమోదైంది. అది అప్పటికి రికార్డు. పొగ తగ్గితే ఇదెలా పెరిగిందని చాలామందికి అనుమానం. మా ఊరి దగ్గరి కల్యాణి డ్యాం అనుకోండి. తూము మూసి ఉంది, పైనుంచి నీళ్లు వస్తున్నాయి. రోజుకి వంద బిందెలు వచ్చే చోట తొంభై అయిదు వచ్చాయి. డ్యాంలో మట్టం తగ్గదు కదా, కాస్త నిదానంగా పెరుగుతుంది. గాలిలో చేరిన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వందల ఏళ్లు అక్కడే ఉంటుంది. ఒక ఏడాది నిదానం దానికి ఆనదు. ఆ ఏప్రిల్లో జలంధర్ మేడల మీద నుంచి హిమాలయాలు కనిపించాయంటే కారణం వేరు. అక్కడ తగ్గింది దుమ్మూ మసీ. అవి గాలిలో రోజులే ఉంటాయి, వారంలో తగ్గుతాయి, వారంలో తిరిగొస్తాయి. రెండింటినీ కలిపి కాలుష్యం అనే ఒక్క మాటతో పిలవడం వల్ల వచ్చిన గందరగోళం ఇది.

పడేటప్పుడు తక్కువ, లేచేటప్పుడు ఎక్కువ ఎందుకు? రిచర్డ్ యార్క్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1960 నుంచి 2008 దాకా 150కి పైగా దేశాల లెక్కలు తీసి 2012లో దీన్ని చూపించాడు. తలసరి ఉత్పత్తి 1 శాతం పెరిగితే ఉద్గారాలు 0.73 శాతం పెరిగాయి. అదే 1 శాతం తగ్గితే 0.43 శాతమే తగ్గాయి. కారణం మా ఊళ్లో రైల్వే స్టేషన్ చుట్టూ తిరిగితే తెలుస్తుంది. గిరాకీ ఉన్న రోజుల్లో కట్టిన లాడ్జీలు గిరాకీ లేనప్పుడు మాయం కావు. వంద గదుల్లో నలభై నిండినా లిఫ్టు తిరగాలి, వరండాలో లైట్లు వెలగాలి, మోటారు వేసి ట్యాంకు నింపాలి. బస్సు సగం ఖాళీగా వెళ్లినా డీజిల్ దాదాపు అంతే తాగుతుంది. పెరిగేటప్పుడు కొత్తవి కడతాం, తరిగేటప్పుడు కట్టినవి కూల్చం.

అడవికి కాపలా ఎవరు

పొగ సంగతి ఇంతటితో వదిలేస్తాను. నాకు ఎక్కువ దిగులు పుట్టించేది అడవి. 2020లో ప్రపంచ ఆర్థిక వ్యవస్థ కుంగితే ఉష్ణమండల ఆదిమ అడవుల నష్టం కూడా తగ్గాలి కదా. పెరిగింది. 42 లక్షల హెక్టార్లు పోయాయి, 2019 కంటే 12 శాతం ఎక్కువ.

అలాగని మాంద్యం వస్తే అడవి పోతుందని సూత్రం రాసుకోవడానికీ లేదు. బ్రెజిల్ అమెజాన్‌లో 2008లో సుమారు 12,900 చదరపు కిలోమీటర్ల అడవి నరికితే, ప్రపంచం మాంద్యంలో ఉన్న 2009లో అది 7,500కి పడింది. సోయా, మాంసం గిరాకీ తగ్గడం కొంత కారణం. ఉపగ్రహాలతో నిఘా పెట్టి, అడవి నరికిన భూములకు బ్యాంకు అప్పులు ఆపడం ఇంకో కారణం. 2020కి వచ్చేసరికి ఆ నిఘా సడలింది. అదే అమెజాన్‌లో 10,850 చదరపు కిలోమీటర్లు పోయింది. రెండూ గడ్డు ఏళ్లే. తేడా కాపలాలో ఉంది.

డబ్బు లేనప్పుడు ప్రభుత్వాలు ముందు దేనికి కోత పెడతాయో మనకు తెలియంది కాదు. జీతాలు ఆపలేరు, పింఛన్లు ఆపలేరు. అటవీ శాఖ జీపుకి డీజిల్ ఆపితే అడిగేవాడుండడు. పైగా పట్నంలో పనిపోయినవాళ్లు ఊరికొస్తారు, ఊళ్లో పని లేకపోతే అడవి వైపు చూస్తారు. 1997-98లో ఇండోనేషియా డబ్బు రుపయ్య కుప్పకూలినప్పుడు మూడో దారి తెరుచుకుంది. డాలర్లలో అమ్మే కోకో, మిరియాలు, రబ్బరు రైతులకు ఒక్కసారిగా లాభం పెరిగింది. దాంతో అడవి కొట్టి తోటలు వేశారు. దేశానికి సంక్షోభం, కోకో రైతుకి పండగ, అడవికి గొడ్డలి.

శేషాచలం పక్కన పుట్టినవాళ్లకి ఇది కొత్త పాఠం కాదు. ఎర్రచందనం గిరాకీ మన దగ్గర లేదు, చైనా జపాన్ల వైపు ఉంది. నరికే చేతులు మాత్రం ఎక్కడో కొండ ఊళ్ల నుంచి, కూలి డబ్బుకోసం వస్తాయి. 2015 ఏప్రిల్ 7న ఈ అడవిలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన 20 మందీ తమిళనాడు కూలీలే. దుంగ ఎక్కిన ఓడ యజమాని పేరు ఆ జాబితాలో లేదు. మాంద్యంలో బయటి గిరాకీ కాస్త తగ్గొచ్చు. కూలికి ఒప్పుకునేవాళ్ల వరస మాత్రం పెరుగుతుంది.

గాంధీ రోడ్డు నుంచి అమెజాన్ దాకా

ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఆశ్చర్యపరిచిన దారి ఒకటుంది. అది బంగారం.

2020 మే నెలలో మా జీపు ఆయన భార్య గొలుసు తాకట్టులోకి వెళ్లింది. ఆయన ఒక్కడే కాదు, గాంధీ రోడ్డు వైపు బంగారం మీద అప్పిచ్చే అంగళ్ల ముందు తెల్ల సున్నంతో గుండ్రాలు గీసి, ఆ గుండ్రాల్లో మనుషుల్ని నిలబెట్టారు. ఆ వరసలో నిలబడ్డవాళ్లకి ఒకటే ఊరట, గ్రాముకి ముందుకంటే ఎక్కువ అప్పు ఇస్తున్నారు. ఎందుకంటే బంగారం ధర పెరుగుతోంది. మాంద్యంలో అన్నీ పడుతుంటే బంగారం లేస్తుంది. షేర్లంటే భయం, బ్యాంకులో వడ్డీ రాదు, అందుకని పెద్ద పెద్ద పెట్టుబడిదార్లు కూడా మన అమ్మమ్మలాగే ఆలోచించి బంగారం కొంటారు. 2001లో ఔన్సు 270 డాలర్ల దగ్గర ఉన్న బంగారం, 2008 సంక్షోభం తర్వాత ఎగబాకి 2011లో 1,900 డాలర్లు తాకింది. 2020 ఆగస్టులో 2,000 దాటింది.

ధర అంత పెరిగితే ఎక్కడో ఎవరో తవ్వుతారు. పెరూ దేశంలో మాద్రె దె దియోస్ అని అమెజాన్ అంచున ఒక ప్రాంతం ఉంది. అక్కడ బంగారం కోసం నది ఒడ్డున అడవి కొట్టి, ఇసుక కడిగి, పాదరసం కలిపి రేణువులు తీస్తారు. 2008కి ముందు ఏటా సుమారు 2,200 హెక్టార్ల అడవి దీనికి పోయేది. ఆ తర్వాత ఏటా 6,100 హెక్టార్లు. దాదాపు మూడు రెట్లు. అమెరికాలో ఇళ్ల అప్పులు మునిగితే పెరూలో నది పాదరసం తాగింది. మధ్యలో ఉన్న లంకె బంగారం మీద జనం పెట్టుకున్న నమ్మకం.

ఇది తిరగేసి చూడాలన్నా చిత్తూరు జిల్లా సరిహద్దు దాటితే చాలు. కోలార్ బంగారు గనుల్ని 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. తవ్వితీసే ఖర్చు అమ్మకం ధరను ఎప్పుడో దాటిపోయింది. కుప్పం పక్కన గుడిపల్లె మండలంలోని చిగురుగుంట గని కూడా అప్పుడే ఆగింది. కోలార్‌లో గని మూతపడ్డా సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన బూడిదరంగు గుట్టలు అలాగే ఉన్నాయి. గాలి లేస్తే ఆ పొడి ఇళ్ల మీద పడుతుంది. ధర పడితే గని మూసి మట్టి మన నెత్తిన వదిలేశారు. ధర లేస్తే తెరుస్తారు. చిగురుగుంటను తెరిచే ప్రయత్నాలు సాగుతూనే ఉన్నాయి. తెరిస్తే ఉద్యోగాలు వస్తాయి, నిజమే. గుట్టల సంగతి కూడా అప్పుడే మాట్లాడుకుంటే మంచిది.

తోపు కొట్టేస్తే మళ్లీ రాదు

మామిడి సంగతి చెప్పకపోతే చిత్తూరువాళ్లు ఊరుకోరు. ఈ జిల్లా తోతాపురిలో ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. గుజ్జు డ్రమ్ముల్లో గల్ఫ్‌కీ యూరప్‌కీ వెళుతుంది. అక్కడ జ్యూస్ తాగేవాళ్లు తగ్గినా, ఓడల దారి చెడినా, బంగారుపాళ్యంలో ట్రాక్టర్ల వరస పెరుగుతుంది. 2025 సీజన్‌లో అదే జరిగింది. అంతకుముందు ఏడాది గుజ్జే ఫ్యాక్టరీల్లో మిగిలిపోయింది, ఎగుమతి ఆర్డర్లు తగ్గాయి, కాయ మాత్రం విరగకాసింది. కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 కలుపుతుందని ప్రకటించారు. ఆ 8 అందరికీ అందలేదన్నది రైతుల గోడు. అది ప్రపంచ మాంద్యం కాదు. దూరపు గిరాకీ పడిపోతే ఊళ్లో ఏమవుతుందో చూపించే నమూనా అంతే.

ఆ జూన్‌లో మా బంధువుల ఊరికి వెళ్లినప్పుడు రోడ్డు పక్కన కాయలు పోసిన కుప్ప చూశాను. కింద వరస నల్లగా నీరు కారుతోంది, పైన వరస ఇంకా పచ్చగా ఉంది. అంటే రెండు మూడు రోజులుగా వచ్చి పోస్తున్నారన్నమాట. ఈగలు, పులిసిన వాసన. ఆ కుప్ప పక్కనే ఒక పెద్దాయన తోపులో పదో పదకొండో చెట్లు కొట్టించాడు. "ముప్పై ఏండ్ల చెట్లు నాయనా. కోసిన కూలి కూడా రాకుంటే ఎన్నాళ్లు చూసేది?" అన్నాడు. కలప ఇటుక బట్టీకి పోయింది. ఆ చోట టమాటా వేస్తానన్నాడు. పెద్ద మామిడి చెట్టు వానతో బతుకుతుంది. టమాటాకి బోరు కావాలి. ఈ జిల్లాలో బోరు ఎంత లోతుకి పోయిందో బోరు వేయించినవాళ్లని అడగండి. గిరాకీ రెండేళ్లలో తిరిగిరావచ్చు. ముప్పై ఏళ్ల చెట్టు, దిగిపోయిన నీళ్లు రెండేళ్లలో రావు.

చిన్న విషయాల్లోనూ ఇలాంటివే జరుగుతాయి. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో ముడి చమురు ధర సున్నా కంటే కిందికి పోయింది. చమురు చవకైతే కొత్త ప్లాస్టిక్ చవక. అప్పుడు పాత బాటిల్ ఎవరికి కావాలి? బస్టాండు చుట్టూ బాటిళ్లు ఏరే ఆమెకి పాత సామాన్ల అంగట్లో రేటు పడిపోతుంది, ఆమె ఏరదు, బాటిల్ కాలవలో పడుతుంది. శ్రీలంకలో 2022లో డాలర్లు అయిపోయి గ్యాస్ దొరక్కపోతే కట్టెల పొయ్యిలు మళ్లీ వెలిగాయి. ఆ ఒక్క ఏడాదిలోనే అక్కడ పేదల వాటా 13 శాతం నుంచి 25 శాతానికి చేరింది. మన దగ్గర 1999లో దీపం పథకంతో గ్యాస్ వచ్చిన ఇళ్లలో కూడా, చేతిలో డబ్బు ఆడనప్పుడు సిలిండర్‌ని మూలకి పెట్టి కట్టెల మోపు తెచ్చుకోవడం తెలిసిందే.

మనుషుల లెక్కలు

మాంద్యంలో చావులు తగ్గుతాయంటే నమ్ముతారా? క్రిస్టఫర్ రూమ్ అనే ఆర్థికవేత్త అమెరికా లెక్కలతో 2000లో ఇదే చెప్పాడు. అక్కడ నిరుద్యోగం ఒక శాతం పెరిగితే మొత్తం మరణాలు అర శాతం దాకా తగ్గాయట. బండ్లు తక్కువ తిరుగుతాయి, పని ఒత్తిడి తగ్గుతుంది, తాగుడు తగ్గుతుంది. మన దేశంలో 2019లో రోడ్డు ప్రమాదాల్లో లక్షా 51 వేల మంది పోతే 2020లో ఆ సంఖ్య బాగా తగ్గింది. 2021లో లక్షా 53 వేలు దాటింది. పొగ గీత ఎలా పడి లేచిందో ఇదీ అలాగే.

కానీ ఇంకో గీత ఉంది. 2019లో దేశంలో లక్షా 39 వేల ఆత్మహత్యలు నమోదైతే 2020లో లక్షా 53 వేలు, 2021లో లక్షా 64 వేలు. ఈ చివరి రెండేళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు రోజుకూలీ. రూమ్ మాట అబద్ధం కాదు, అది అమెరికా మాట. అక్కడ పని పోయినవాడికి నిరుద్యోగ భృతి ఉంటుంది. భృతులు, ఆస్పత్రులు అన్నీ ఒకేసారి కూలిన రష్యాలో 1990లో 64 ఏళ్ల దగ్గర ఉన్న మగవాళ్ల సగటు ఆయుష్షు 1994కి 58 లోపుకి పడిపోయింది. అదే సమయంలో అక్కడ కోట్ల ఎకరాల సాగు భూమి బీడుపడి చెట్లు మొలిచాయి, ఉద్గారాలు తగ్గాయి. దాన్ని పర్యావరణ విజయం అని రాసినవాళ్లూ ఉన్నారు. ఆ మాట ఒక రష్యా వితంతువు ముందు అనగలరా అని నా సందేహం.

చదువు సంగతికొస్తే, మా పిల్లవాడికి ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పిన సారు 2020 వానాకాలంలో తోపుడు బండి మీద కూరగాయలు అమ్మాడు. పలక మీద సుద్దముక్కతో ధరలు రాసేవాడు. వంకాయ పక్కన రాసిన 8 అంకె బోర్డు మీద రాసినంత గుండ్రంగా ఉండేది. మమ్మల్ని చూసి ముఖం తిప్పుకోలేదు, అరకిలో ఎక్కువే తూచాడు. తర్వాత ఆయన బడికి తిరిగి పోలేదు. దేశంలో ప్రభుత్వ బడుల్లో చదివే 6-14 ఏళ్ల గ్రామీణ పిల్లల వాటా 2018లో 65.6 శాతం ఉంటే 2022కి 72.9 అయింది. ఫీజు కట్టలేకపోవడం ఒక కారణమైతే, మన రాష్ట్రంలో బడులకి రంగులూ బల్లలూ రావడం, అమ్మ ఒడి డబ్బు ఇంకో కారణం. ఆ పిల్లలకి నష్టమే జరిగిందని అనలేను.

పల్లెల్లో వెనకనడక స్పష్టంగా కనిపించింది. పనిచేసేవాళ్లలో వ్యవసాయం మీద బతికేవాళ్ల వాటా 2018-19లో 42.5 శాతం, 2020-21లో 46.5 శాతం. దశాబ్దాలుగా తగ్గుతూ వచ్చిన అంకె ఇది. బెంగళూరు, చెన్నై నుంచి తిరిగొచ్చినవాళ్లు మళ్లీ మడిలోకి దిగారు. ప్రపంచం మొత్తం మీద ఆ ఏడాది కటిక పేదల సంఖ్య సుమారు 7 కోట్లు పెరిగింది.

భయపడినవన్నీ జరగలేదు, అదీ చెప్పాలి. వలసవాళ్లు ఇంటికి పంపే డబ్బు 20 శాతం పడిపోతుందని 2020 ఏప్రిల్లో ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. చివరికి తగ్గింది 1.6 శాతమే. కువైట్‌లో ఉన్నవాళ్లు తాము తినడం తగ్గించుకుని పంపారని ఇక్కడి ఇళ్లలో ఎవర్ని అడిగినా చెబుతారు. బాలకార్మికులు పెరుగుతారన్నారు. ప్రపంచంలో 2020లో 16 కోట్లు ఉన్న సంఖ్య 2024కి 13.8 కోట్లకి తగ్గింది. ఇంకో వైపు, ఎవరూ పెద్దగా ఊహించనిది జరిగింది. 2007లో అమెరికాలో 43 లక్షల పైచిలుకు పిల్లలు పుట్టారు. మాంద్యం పోయి ఉద్యోగాలు తిరిగొచ్చినా ఆ సంఖ్య మళ్లీ రాలేదు.

కరువు పని

పడినప్పుడు ఏం జరిగిందన్నది సగం కథే. లేవడానికి పెట్టిన డబ్బు ఎక్కడికి పోయిందన్నది మిగతా సగం, నా దృష్టిలో పెద్ద సగం. 2008 చివర్లో చైనా 4 లక్షల కోట్ల యువాన్లు గుమ్మరించింది. అందులో చాలా భాగం రోడ్లు, రైళ్లు, భవనాలు. అంటే సిమెంటు, ఉక్కు, బొగ్గు. 2010లో పొగ అంతగా ఎగరడానికి అదో ముఖ్య కారణం. అమెరికా 2009లో 9,000 కోట్ల డాలర్లు శుభ్రమైన ఇంధనం వైపు మళ్లించింది. దక్షిణ కొరియా తన ప్యాకేజీలో 80 శాతం పచ్చదనానికే అని చెప్పుకుంది. అందులో పెద్ద వాటా నాలుగు నదులకి అడ్డుకట్టలు కట్టడానికి పోయింది, ఆ నీళ్లలో నాచు పేరుకుంది. యూరప్‌లో ఇంకో తమాషా. కార్బన్ వదలడానికి కంపెనీలు కొనాల్సిన అనుమతుల ధర 2008లో టన్నుకి 30 యూరోల దాకా ఉండేది. ఫ్యాక్టరీలు మందగించి అనుమతులు మిగిలిపోతే 2013లో 5 యూరోల లోపుకి పడింది. పొగ తగ్గిందన్న వార్తే పొగ వదలడాన్ని చవక చేసింది.

నాకు నచ్చిన ఉదాహరణ పాతది. మహా మాంద్యం రోజుల్లో, 1933లో, అమెరికా ప్రభుత్వం పనిలేని యువకుల్ని అడవుల్లోకి పంపింది. 1942 దాకా సుమారు 30 లక్షల మంది ఆ పనిలో చేరి, దాదాపు 300 కోట్ల మొక్కలు నాటారు. మన దగ్గర దీనికి పేరు కొత్తగా వెతకక్కర్లేదు. ఉపాధి హామీని రాయలసీమలో ఇప్పటికీ 'కరువు పని' అంటారు. 2019-20లో దేశంలో 265 కోట్ల పనిదినాలు ఇచ్చిన ఆ పథకం 2020-21లో 389 కోట్లు ఇచ్చింది. ఆ ఎండాకాలం మా బంధువుల ఊరి చెరువులో పూడిక తీసినవాళ్లలో ఇద్దరు బెంగళూరు క్యాబ్ డ్రైవర్లు, ఒక డిగ్రీ పిల్లవాడు. కొలతకి తగ్గట్టు కూలి పడలేదని సణుగుతూనే తవ్వారు. ఆ ఏడాది చివర్లో వానలకి ఆ చెరువు అలుగు పారింది.

ఇంకొకటి, కొండ మీదికి ఎలక్ట్రిక్ బస్సులు. 2022 సెప్టెంబర్లో ఘాట్ రోడ్డు మీద మొదలయ్యాయి. కేంద్రం సబ్సిడీ పథకం మాంద్యానికి ముందుదే అయినా, బస్సులు దిగింది జనం తిరిగొచ్చిన రోజుల్లో. వాటికి ఎక్కించే కరెంటులో బొగ్గు వాటా ఉందన్నది నిజం. ఎక్కేటప్పుడు వెనక నల్లపొగ లేదన్నదీ నిజం.

మొన్న జీపు ఆయన కనిపిస్తే ఆ బస్సుల గురించి అడిగాను. "వచ్చేది వినపడదు సామీ. అద్దంలో చూసుకుంటా ఉండాల్సిందే" అన్నాడు. జింకల వీడియో ఇంకా ఫోన్లో దాచుకున్నాడు. గొలుసు విడిపించారా అని కూడా అడిగాను. బంగారం రేటు పెరిగింది కదా, అదే గొలుసు మీద ఇంకొంచెం అప్పిస్తామని అంగడివాళ్లే ఫోన్ చేశారట. పెద్దపిల్ల కాలేజీ ఫీజుకి తీసుకున్నాడు. గొలుసు ఇంకా అక్కడే ఉంది.